పాత కాగితంతో నారు కుండీలు: ఒకసారి బురద, ఒకసారి రాయి

కాగితపుపడవ | జనవరి 9, రాత్రి 9:10

మూడు నెలలుగా ఇంట్లో పోగైన పాత కాగితంతో నారు కుండీలు చేస్తున్నాను. రెండు విడతలు చేశాను. రెండూ రెండు రకాలుగా చెడిపోయాయి.

మొదటి విడత: దినపత్రికలు రాత్రంతా నానబెట్టి, మిక్సీలో వెన్నలా రుబ్బి, స్టీలు గ్లాసు లోపలి గోడకు చేత్తో అద్ది ఎండబెట్టాను. ఎండాక చూడముచ్చటగా ఉన్నాయి. మట్టి నింపి మూడోసారి నీళ్ళు పోసేసరికి గోడలు జారి కూలబడ్డాయి. ఏ గింజ ఏ కుండీలోదో తెలియకుండా అంతా ట్రేలో కలిసిపోయింది.

రెండో విడత: కసి కొద్దీ గుజ్జులో మైదా జిగురు కలిపి, గోడలు దాదాపు సెంటీమీటరు మందాన పెట్టాను. ఇవి నేలకేసి కొట్టినా పగలవు. టమాటా నారు నాలుగు వారాలు బాగానే పెరిగింది. ఎలాగూ కరిగిపోతుంది కదా అని కుండీతో సహా నేలలో పెట్టాను. మూడు వారాలైంది. ఒక్క కొత్త ఆకు వేయలేదు, కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయి. అదే రోజు ప్లాస్టిక్ ట్రేలోంచి తీసి పక్కనే నాటినవి మోకాలి ఎత్తుకు దగ్గర పడ్డాయి. విత్తనం ఒకటే, నేల ఒకటే, నీళ్ళూ ఒకటే. తేడా కుండీలోనే ఉండాలి. ఎక్కడ తప్పు చేశాను?

మట్టిచేతులు | జనవరి 9, రాత్రి 9:42

ఒకదాన్ని తవ్వి చూడండి. మేమంతా కూర్చుని ఊహించేకన్నా వేర్లే చెబుతాయి. ఎలాగూ కోలుకోదనిపించే మొక్కను ఎంచుకోండి.

నారుమడి | జనవరి 9, రాత్రి 10:15

తవ్వడం తవ్వండి కానీ, అసలు ఈ గుజ్జు గొడవ ఎందుకండీ? నానబెట్టడం, రుబ్బడం, మూడు రోజులు ఎండబెట్టడం, మిక్సీ జారు కడుక్కోవడం. నేను ఏళ్ళ తరబడి పేపరు చుట్టి చేస్తున్నాను. ఒక కుండీకి అర నిమిషం పట్టదు.

అయిదారు సెంటీమీటర్ల అడుగున్న సీసా తీసుకోండి. పేపరును పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పున పట్టీలుగా చింపండి. సీసా చుట్టూ రెండున్నర, మూడు చుట్లు రావాలి. బిగించి చుట్టకండి, తర్వాత సీసా బయటికి రాదు. అడుగున నాలుగు సెంటీమీటర్లు వదిలి, ఆ వదిలిన భాగాన్ని పొట్లం కట్టినట్టు లోపలికి మడిచి, సీసాతోనే బల్లకేసి గట్టిగా అదమండి. సీసా లాగేయండి, అయిపోయింది. జిగురు లేదు, దారం లేదు. మట్టి నింపగానే ఆ బరువుకే నిలుస్తుంది. ట్రేలో ఒకదానికొకటి ఆనించి పెడితే నెల రోజులు ఢోకా లేదు.

కాగితపుపడవ | జనవరి 10, ఉదయం 8:05

తవ్వాను. గునపం దిగుతుంటే టక్కున తగిలింది. కుండీ చెక్కుచెదరలేదు!

చూసింది చూసినట్టు రాస్తాను. పై అంచు వేలెడు వెడల్పున నేల పైకి వచ్చి ఉంది. అది ఎండిపోయి తెల్లగా, అట్టలా గట్టిపడింది. బయట మట్టి తడిగానే ఉంది. కుండీని నిలువునా కోస్తే లోపలి మట్టి మాత్రం పొడిగా, గోడను వదిలి ముడుచుకుపోయి ఉంది. వేర్లు గోడ దాకా వచ్చి, అక్కణ్ణుంచి దాని వెంబడే చుట్టూ తిరిగాయి, దారపు ఉండ విప్పి లోపల అతికించినట్టుగా. అడుగున ఒక్కటి మాత్రం గోడలోకి సగం దాకా దూరి ఆగిపోయింది. కోసిన చోట గోడ పుల్లటి వాసన వేస్తోంది. వాడకుండా మిగిలిన కుండీని వంటింటి తూకం మీద పెట్టాను: 41 గ్రాములు.

పాపం మొక్క తన వంతు తాను చేసింది. దాన్ని నేనే పెట్టెలో పెట్టి పాతేశాను.

వేరుదారి | జనవరి 10, మధ్యాహ్నం 1:30

ఇంత శ్రద్ధగా చూసి రాశారు కాబట్టి చెప్పడం తేలికైంది. మీ ముందు మూడు సంగతులు కనిపిస్తున్నాయి.

పై అంచు సంగతి ముందు. కాగితం దీపపు వత్తి లాంటిది. అంచు నేల పైన గాలికి ఉంటే, లోపలి చెమ్మను పైకి పీల్చి రోజంతా గాలికి అప్పగిస్తుంది. మీరు నీళ్ళు పోస్తున్నారు, అది తోడేస్తోంది. గోడ ఎండితే ఇక కుళ్ళదు. కాగితాన్ని తినే సూక్ష్మజీవులకు తడి కావాలి. ఎండిన గోడ వేరుకు అడ్డు, నీటికీ అడ్డు. నేలలో కరిగిపోయేదని మనం అనుకునే కుండీ, తడి లేకపోతే ఏడాదైనా కరగదు. నాటేటప్పుడు అంచును చింపి పారేయాలి, లేదా పూర్తిగా మట్టి కప్పాలి. నేను చింపేస్తాను. వానకో నీళ్ళకో మట్టి జారి అంచు మళ్ళీ బయటపడుతుంది కదా.

రెండోది పసుపు రంగు. అది నత్రజని ఆకలి. కాగితంలో కార్బన్ చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. అందులో నత్రజని ఒక పాలు ఉంటే కార్బన్ వందల పాళ్ళు ఉంటుంది. సూక్ష్మజీవులు హాయిగా పని చేయడానికి 25–30 పాళ్ళ కార్బన్‌కు ఒక పాలు నత్రజని కావాలి. కాగితంలో అది దొరకదు కాబట్టి చుట్టుపక్కల మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్కకు అందాల్సింది వాటి నోట్లోకి పోతుంది. ఇది శాశ్వత నష్టం కాదు, అవి చచ్చాక తిరిగి మట్టికే వస్తుంది. కానీ పసిమొక్క అన్నాళ్ళు ఆగలేదు. పైగా మీరు మైదా కలిపారు. పిండి వాటికి కాగితం కన్నా తేలిగ్గా అరుగుతుంది, దాంతో ముందుగా అదే పులిసింది. ఆ వాసన దానిదే. పల్చటి గోడకు ఈ బెడద చాలా తక్కువ, మీరు పెట్టినది 41 గ్రాములు!

మూడోది మీ మొదటి విడతలో ఉంది. అది ఎందుకు కూలిందో తెలియక రెండోదాన్ని రాయి చేశారు. గుజ్జుకు నిజానికి జిగురు అక్కర్లేదు. కాగితపు పీచులు తడిలో విడిపోతాయి, నీళ్ళు పోయి దగ్గరైనప్పుడు వాటంతటవే పట్టుకుంటాయి. అందుకు రెండు కావాలి: పీచు పొడవుగా ఉండాలి, నీళ్ళు పోయేలా గట్టిగా అదమాలి. దినపత్రిక కాగితంలో పీచు ముందే నలిగి పొట్టిగా ఉంటుంది. కలపను యంత్రంతో అరగదీసి చేసేది కాబట్టి అందులో లిగ్నిన్, అంటే కలపను గట్టిగా ఉంచే పదార్థం, కూడా ఉండిపోతుంది, పాత పేపరు పచ్చబడేది దానివల్లే. దాన్ని మీరు మిక్సీలో వెన్న చేశారు. వెన్నకు పీచు ఎక్కడిది? ఆపైన అద్దారు తప్ప అదమలేదు.

ఇంతకీ నారు కుండీ ఆయుష్షు నాలుగైదు వారాలు. అన్నాళ్ళు నిలిచి, ఆ తర్వాత చప్పున విడిపోవాలి. మీరు పూలకుండీ చేయబోయారు.

కాగితపుపడవ | జనవరి 10, మధ్యాహ్నం 2:10

పూలకుండీ మాట గుచ్చుకుంది, కానీ నిజమే. మరి ఏ కాగితం వాడాలి? ఎంత సేపు రుబ్బాలి?

వేరుదారి | జనవరి 10, సాయంత్రం 6:20

గోధుమరంగు అట్టపెట్టెలు. వాటి పీచు పొడవైనది, గట్టిది. సగం అట్ట, సగం దినపత్రిక కలిపితే చాలు. రాసి పడేసిన తెల్ల కాగితమూ బాగుంటుంది. అట్ట మీది పిన్నులు, చిరునామా అతుకులు ముందే పీకేయండి. టేపు మాత్రం నానాక దానంతటదే ఊడి వస్తుంది కాబట్టి ఇప్పుడే గోళ్ళు విరగ్గొట్టుకోనక్కర్లేదు. కత్తెర వద్దు, చేత్తో చింపండి. కత్తెర పీచును తెంపుతుంది, చింపితే అంచున పీచు బయటికి వస్తుంది. అట్ట ఒక రోజంతా నానాలి, వేడినీళ్ళు పోస్తే ఇంకా త్వరగా మెత్తబడుతుంది.

మిక్సీలో గుప్పెడు కాగితానికి జారు నిండా నీళ్ళు. అయిదారు సెకన్లు తిప్పి ఆపండి, ఇలా మూడు నాలుగుసార్లు. తర్వాత ఒక చెంచా గుజ్జును గాజు గ్లాసు నీళ్ళలో వేసి ఊపి, వెలుతురుకు ఎత్తి చూడండి. కాగితం ముక్కలు అలాగే కనిపిస్తుంటే ఇంకొంచెం తిప్పాలి. మబ్బు తునకల్లా తేలుతుంటే సరిపోయింది. పాలలా అయిందంటే చేయి దాటింది, అందులో ఇంకా రుబ్బని అట్ట గుజ్జు కలుపుకోండి.

మిక్సీ జారును విడిగా పెట్టుకోండి. గుజ్జు కడిగిన నీళ్ళను మాత్రం సింకులో పోయకండి. ఇది అనుభవం. గొట్టంలోనూ కుండీ తయారవుతుంది.

ఊరికే_అడిగాను | జనవరి 10, రాత్రి 8:00

సిరా సంగతి ఎవరూ మాట్లాడరేం? పత్రికల్లో రంగుల బొమ్మలు, అక్షరాలు ఉంటాయి. అవన్నీ మట్టిలోకి, మొక్కలోకి, అక్కణ్ణుంచి మన పొట్టలోకి.

నారుమడి | జనవరి 10, రాత్రి 8:25

నల్ల సిరా అంటే నూనెలో కలిపిన మసి. ఆ నూనె కొన్నిచోట్ల ఖనిజ నూనె, కొన్నిచోట్ల సోయా వంటి మొక్కల నూనె. సీసం కలిసిన రంగు సిరాలు చాలావరకు ఒకప్పటి మాట.

అక్షరాల పేజీలు వాడుకోవచ్చు. నేను వదిలేసేవి వేరే ఉన్నాయి. నిగనిగలాడే పత్రికల కాగితం మీద తెల్ల బంకమన్ను, సుద్ద పూత ఉంటుంది. విషమేమీ కాదు గానీ నీళ్ళు పీల్చదు, పీచు పట్టదు. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న పాల డబ్బాలు, కాగితపు గ్లాసులు అసలు వద్దు, పొర మట్టిలో మిగిలిపోతుంది. యంత్రంలోంచి వచ్చే నున్నటి రశీదులు కూడా వద్దు. గోటితో గీస్తే నల్ల గీత పడుతుందే, ఆ రకం. అవి వేడికి నల్లబడే రసాయన పూతతో పని చేస్తాయి, చాలావాటిలో బిస్‌ఫినాల్ అనే హానికర రసాయనం ఉంటుంది.

అంకెలపిచ్చి | జనవరి 11, ఉదయం 6:50

41 గ్రాములు చదివి నిద్ర పట్టలేదు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితమైతే ఒక్కోటి సరిగ్గా 5 గ్రాములు. అంటే పిండి బరువు పక్కన పెట్టినా, ఆ ఒక్క కుండీలో ఎనిమిది కాగితాలకు దగ్గరగా ఉన్నాయి. వేర్లు ఎనిమిది పేజీల వ్యాసం చదివి బయటపడాలన్నమాట!

ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఏడు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కుండీకి నేను మూడు కాగితాలే వాడతాను, 15 గ్రాములు. గోడ మూడు మిల్లీమీటర్లు వస్తుంది. ఇరవై నాలుగు కుండీలకు డెబ్బై రెండు కాగితాలు. గుజ్జును తడిగా కొలవకండి, ఒక్కోసారి ఒక్కో బరువు చూపిస్తుంది. పొడి కాగితాన్నే తూచి నానబెట్టండి.

పాతట్రే | జనవరి 11, ఉదయం 9:15

అందరూ తిడతారని తెలిసే రాస్తున్నాను. నా దగ్గర ఆరేళ్ళ నాటి ప్లాస్టిక్ ట్రేలు ఉన్నాయి. ఏటా కడిగి, ఎండబెట్టి మళ్ళీ వాడతాను. మిక్సీ కరెంటు లేదు, ఎండబెట్టే పని లేదు, నత్రజని ఆకలి లేదు. ఇంట్లో ఉన్నదాన్ని విరిగేదాకా వాడుకోవడం పర్యావరణానికి మంచిది కాదా? టమాటా, వంగ, మిరప నారును మడిలోంచి పీకి నాటినా బతుకుతాయి. వాటికి ఈ పట్టుపరుపు ఎందుకు?

వేరుదారి | జనవరి 11, ఉదయం 11:40

తిట్టను, సగం మీ మాటే నాది. ఉన్న ట్రేలు పారేసి కాగితం కుండీలు చేయడం తెలివితక్కువ. టమాటాకు నేనూ ట్రేయే వాడతాను.

కానీ దోస, కాకర, బీర, సొర, చిక్కుడు సంగతి వేరు. వాటి వేరు కదిలితే అలుగుతాయి, వారం పది రోజులు అక్కడే ఆగిపోతాయి. వాటిని కుండీతోనే దింపేస్తే నాటినట్టు కూడా వాటికి తెలియదు. ఇంకొకటి, ప్లాస్టిక్ గోడ తగిలిన వేరు చుట్టూ తిరుగుతుంది. పల్చటి కాగితం గోడలోంచి వేరు కొన బయటికి వచ్చి, గాలి తగిలి ఎండి ఆగిపోతుంది, వెనక నుంచి పిల్లవేర్లు పుట్టుకొస్తాయి. వేర్ల కుదురు గుబురుగా తయారవుతుంది. అయితే కుండీల మధ్య వేలెడు సందు ఉంటేనే ఇది జరుగుతుంది. నారుమడి గారు చెప్పినట్టు ఆనించి పెడితే మొదటి రెండు వారాలు సరే, తర్వాత విడదీయాలి. లేకపోతే వేర్లు పక్కింట్లోకి వెళ్తాయి, విడదీసేటప్పుడు తెగుతాయి.

నారుమడి | జనవరి 11, మధ్యాహ్నం 12:05

విడదీయడం నేనూ ఒప్పుకుంటాను. మొదట్లోనే విడిగా పెడితే మాత్రం చుట్టిన పేపరు విప్పుకుంటుంది.

మట్టిచేతులు | జనవరి 11, మధ్యాహ్నం 12:30

చిక్కుడుకు టాయిలెట్ కాగితం చుట్ట మధ్యలో ఉండే అట్ట గొట్టం వాడి చూడండి. సన్నగా, లోతుగా ఉంటుంది. తల్లివేరుకు తిన్నగా దిగే దారి. కింది భాగాన నాలుగు గాట్లు పెట్టి మడిస్తే అడుగు తయారు. కోడిగుడ్ల అట్టలు కూడా గుజ్జుతో చేసినవే గానీ ఆ గుంటలు మరీ లోతు తక్కువ, రెండు వారాలు దాటితే మొక్క ఇరుకున పడుతుంది.

కాగితపుపడవ | జనవరి 27, రాత్రి 8:45

మూడో విడత వివరాలు. సగం అట్ట, సగం దినపత్రిక, పొడిగా తూచి కుండీకి 15 గ్రాములు. జిగురు లేదు. ఒకదాంట్లో ఒకటి వదులుగా దూరే రెండు ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుని, బయటి గ్లాసుకు వేడి సూదితో అడుగునా చుట్టూ చిల్లులు పెట్టాను. లోపల పల్చటి పాత గుడ్డ పరిచి, గుజ్జు వేసి, రెండో గ్లాసుతో అదిమాను. చిల్లుల్లోంచి బూడిదరంగు నీళ్ళు చిమ్మాయి. నా చొక్కా ఇప్పుడు సగం దినపత్రిక. గ్లాసును తిప్పుతూ అదిమితే గోడ సమంగా వస్తోంది, తిన్నగా నొక్కితే ఒకవైపు బోసిపోతోంది. గుడ్డ పట్టుకుని లాగితే కుండీ తడిగా ఉండగానే అచ్చులోంచి బయటికి వచ్చేసింది.

ముందు ఒక రోజు నీడలో ఉంచి, తర్వాత ఎండలో పెట్టాను. మొదటి రెండింటిని తొందరపడి తిన్నగా ఎండలో పెడితే నోరు వంకర పోయాయి. మొత్తం పన్నెండు కుండీల్లో దోస పెట్టాను. నీళ్ళు పైనుంచి పోయడం మానేశాను. ట్రేలో వేలి కణుపంత నీళ్ళు పోసి, పావుగంటకు మిగిలినవి వంపేస్తున్నాను.

ఇప్పుడు కొత్త భయం. బయటి గోడల మీద తెల్లటి బూజు, పత్తి పింజెల్లా. అన్నీ పారేయాలా?

వేరుదారి | జనవరి 27, రాత్రి 9:20

పారేయకండి. అది కాగితాన్ని తినడానికి వచ్చింది, మొక్కను కాదు. మనం రమ్మన్న అతిథే, కొంచెం ముందుగా వచ్చాడు. కాకపోతే తడి ఎక్కువ, గాలి తక్కువ అని చెబుతోంది. కుండీలను విడదీయండి, గాలి ఆడే చోట పెట్టండి, పై మట్టి పొడిబారాకే మళ్ళీ నీళ్ళు పెట్టండి.

భయపడాల్సింది వేరే ఉంది. నిన్న నిటారుగా ఉన్న మొలక, మట్టికి ఆనుకున్న చోట దారంలా సన్నబడి పక్కకు వాలిందంటే అది నారుకుళ్ళు. రైజోక్టోనియా వంటి శిలీంధ్రాల, వాటిని పోలిన పిథియం వంటి సూక్ష్మజీవుల పని. ఆ మొక్కను కుండీతో సహా తీసేయాలి. అలాంటిదేమైనా కనిపించిందా?

కాగితపుపడవ | జనవరి 27, రాత్రి 9:31

లేదు. పన్నెండూ నిటారుగా ఉన్నాయి.

ఊరికే_అడిగాను | జనవరి 28, ఉదయం 7:10

గుజ్జులో కాస్త వర్మీకంపోస్టు కలిపితే ఆ నత్రజని లోటు అక్కడికక్కడే తీరదా?

అంకెలపిచ్చి | జనవరి 28, ఉదయం 7:55

కొంత తీరుతుంది. పొడి బరువులో నాలుగో వంతు దాటనివ్వకండి, దాటితే పీచు పట్టు పోయి గోడ పిండిలా రాలుతుంది. మూడో వంతు వేసి చూశాను, కుండీ అచ్చులోంచే రాలేదు. జల్లించి కలపండి, ఒక్క పుల్ల అడ్డం పడినా అక్కడే చీలుతుంది. నాకైతే గుజ్జులో కలపడం కన్నా, ఆకులు రెండు జతలు వేశాక పల్చటి ద్రవ ఎరువు వారానికోసారి ట్రే నీళ్ళలో ఇవ్వడమే తేలిక.

నారుమడి | ఫిబ్రవరి 8, ఉదయం 10:00

పడవ గారూ, నాటే ముందు ఒక మాట. కుండీని బొక్కెనెడు నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. గోడ పూర్తిగా తడవాలి. అడుగు చింపేయండి, పక్కన రెండు నిలువు గాట్లు పెట్టండి, అంచు తీసేయండి. కరిగిపోతుందని నమ్మి వదిలేయకండి, కాస్త సాయం చేయండి.

కాగితపుపడవ | మార్చి 2, సాయంత్రం 5:30

ఫిబ్రవరి 9న నాటాను. పది మొక్కలకు అడుగు చింపి, అంచు తీసేశాను. రెండింటిని మాత్రం కావాలనే ఏమీ చేయకుండా, అంచు బయటికి కనిపించేలా పెట్టాను. ఇంతకుముందు చేసిన తప్పే కదా, ఈసారి తెలిసి చేద్దామని.

మూడు వారాలకు ఆ పదీ తీగ సాగాయి, మూడింటికి పూత కూడా వచ్చింది. అంచు వదిలిన రెండూ చావలేదు, పసుపు పచ్చబడలేదు, కానీ మిగతావాటిలో సగం పొడవే ఉన్నాయి. గోడ పల్చన కాబట్టి ఈ మాత్రమైనా వచ్చాయనుకుంటాను.

ఇవాళ బాగున్నవాటిలో ఒకదాని పక్కన మట్టిని వేలితో తోడి చూశాను. గోడ అనేది లేదు. ముదురు గోధుమ రంగు పొర ఒకటి, ముట్టుకుంటే తడిసిన బిస్కెట్టులా నలిగిపోయింది. వేర్లు దాని గుండా అటూ ఇటూ వెళ్ళిపోయాయి. ఒక్క చోట మాత్రం గోరంత కాగితం ముక్క, సరిగ్గా రుబ్బుడు పడనిది, అలాగే ఉంది. గళ్ళ నుడికట్టులో ముక్క. నాలుగు గళ్ళు. ఒక గడిలోంచి తెల్లటి పిల్లవేరు బయటికి వచ్చింది.

అంకెలపిచ్చి | మార్చి 2, సాయంత్రం 5:52

అడ్డమా, నిలువా?

కాగితపుపడవ | మార్చి 2, సాయంత్రం 6:04

నిలువు. పైకి మట్టి కప్పేశాను. అట్టపెట్టెలు ఇంకో రెండు నానబెట్టాను, ఈసారి కాకరకు. పాతట్రే గారూ, టమాటా మాత్రం మీ దారిలోనే, ట్రేలో పోశాను.